సంతకాల కాగితం మా వీధిని రెండుగా చీల్చింది

ఈసారి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. వయసు 56. తమ వీధి నివాసుల సంఘానికి మూడేళ్లుగా కార్యదర్శి. వీధి పొడవు దాదాపు 400 మీటర్లు, 64 ఇళ్లు. రెండు పెద్ద రోడ్లను కలిపే వీధి కావడంతో, సిగ్నల్ దగ్గర ఆగడం ఇష్టంలేని వాళ్లందరికీ అదే అడ్డదారి. పొద్దున బడివేళ, సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ గేటు తీసి బయట అడుగు పెట్టాలంటే భయమేస్తోందని రాశారు.

రెండు నెలల క్రితం పక్కింటి తొమ్మిదేళ్ల బాబు బంతి కోసం రోడ్డు మీదికి వెళ్తే బైకు తగిలి కాలు విరిగింది. ఆ వారమే ఈవిడ ఒక కాగితం మీద ‘మన వీధిలో స్పీడ్ బ్రేకర్లు వేయించాలని కోరుతున్నాం’ అని రాసి ఇంటింటికీ తిరిగారు. 41 ఇళ్లవాళ్లు సంతకం పెట్టారు. దాన్ని మున్సిపల్ ఆఫీసుకు తీసుకెళ్లి ఇస్తే అక్కడి ఇంజినీరు, “ఇది అర్జీ అమ్మా, అభిప్రాయ సేకరణ కాదు. అందరినీ అడిగి, ఎవరేమన్నారో రాసుకుని రండి” అన్నారట. సరేనని ఒక ఆదివారం సాయంత్రం సమావేశం పెట్టారు. అక్కడ జరిగింది ఆవిడ మాటల్లోనే:

“ఎదురింటి అన్నయ్యగారితో మాకు పద్దెనిమిదేళ్ల స్నేహం. ఆయన లేచి, ‘మా ఆవిడను వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్తాను. వెన్నుకు ఆపరేషన్ కూడా అయింది. కారు చిన్న గుంతలో దిగినా పళ్లు బిగబట్టుకుంటుంది. మీ కాగితంలో ఆమెకు చోటేదమ్మా?’ అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఇంతలో పిలవకుండానే వచ్చిన వెనక వీధివాళ్లు, ‘మీ బండ్లన్నీ మా మీదికి తోలుతారా’ అని గట్టిగా అరిచారు. బాబు వాళ్లమ్మ ఏదో చెప్పబోయి ఏడ్చుకుంటూ వెళ్లిపోయింది. నాలుగు రోజుల తర్వాత ఎవరో కుర్రాళ్లు రాత్రికి రాత్రి సిమెంటుతో అడ్డంగా ఒక దిమ్మె కట్టేశారు. మర్నాడు చీకటిపడ్డాక దాని మీద ఒకతను బైకు మీంచి పడ్డాడు. అరచేతులు చెక్కుకుపోయాయి, దేవుడి దయవల్ల అంతటితో సరిపోయింది. ఇప్పుడు అన్నయ్యగారు, వదినగారు కనిపించినా తల తిప్పుకుంటున్నారు. ఓటింగ్ పెట్టేసి ఎక్కువమంది ఎటంటే అటు పోవాలా? లేక పదవి వదిలేసి తప్పుకోవాలా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.”

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ సిమెంటు దిమ్మె సంగతి చూడండి. ఈ ఉత్తరం మీకు చేరేసరికి అది ఇంకా అక్కడే ఉంటే, సంఘం తరఫున ఆ ఇంజినీరుకు రాతపూర్వకంగా తెలిపి తీయించండి. తీసేదాకా రెండు వైపులా దూరం నుంచే కనబడేలా మెరిసే టేపు గానీ హెచ్చరిక బోర్డు గానీ పెట్టించమని అడగండి. వీధిదీపం వెలుగు అక్కడ పడుతోందో లేదో స్వయంగా రాత్రి వెళ్లి చూడండి. కుర్రాళ్లను తిట్టకండి. బాబు కాలు విరిగిందన్న బాధతోనే వాళ్లు ఆ పని చేసి ఉంటారు. కానీ ఆ దిమ్మె ఎవరి ప్రాణం తీసినా ఆ పాపం వీధి మొత్తం మోయాలి.

ఆ దిమ్మె గురించి ఇంకో మాట కూడా ఉంది. మీ తగాదా అంతటికీ అందులోనే ఒక దారి కనిపిస్తోంది నాకు. ఇలా చేత్తో కట్టేవి సన్నగా, నిటారుగా ఉంటాయి. అలాంటి దాని మీదికి మెల్లగా వచ్చే బండికే కుదుపు గట్టిగా తెలుస్తుంది. వేగంగా వచ్చేవాడి బండి స్ప్రింగులు ఆ దెబ్బ చాలావరకు మింగేస్తాయి. అంటే అది ఎవర్ని ఆపాలో వాళ్లను వదిలేసి, వదినగారిని జాగ్రత్తగా నడిపించుకెళ్లే కారునే శిక్షిస్తోంది. బ్రిటన్ ప్రభుత్వ రవాణా పరిశోధనశాలలో 1970ల మొదట్లో వాట్స్ అనే పరిశోధకుడు రకరకాల ఆకారాల దిమ్మెలను వాహనాలతో పరీక్షించి, దీనికి సరిగ్గా ఎదురుగా పనిచేసే ఆకారం ఒకటి తేల్చారు. బండి వెళ్లే దిశలో దాదాపు 3.7 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల ఎత్తు, గుండ్రటి వీపు. దాని మీద నెమ్మదిగా వెళ్తే మెల్లగా ఎక్కి దిగినట్టుంటుంది, వేగం పెరిగేకొద్దీ కుదుపు పెరుగుతుంది. చాలా దేశాల్లో ఇప్పుడు వేసే దిమ్మెలకు మూలం ఆ ఆకారమే. మీ కాగితంలో ఉన్న ‘స్పీడ్ బ్రేకర్లు’ అన్న ఒక్క మాటకు మీ మనసులో ఒక బొమ్మ ఉంది, అన్నయ్యగారి మనసులో ఇంకో బొమ్మ ఉంది. ఏ బొమ్మ గురించి పోట్లాడుకుంటున్నారో ఇద్దరికీ తెలియదు.

మీరు చేసిన పని తప్పని అనడం లేదు. పక్కింటి బిడ్డ కాలు విరిగితే ఊరుకోలేక బయల్దేరారు, అలాంటివాళ్లు వీధికొకరైనా ఉండాలి. పొరపాటు ఎక్కడ జరిగిందంటే, మీరు గుమ్మంలో నిలబడి వాళ్లకేం ఇబ్బందిగా ఉందో అడగలేదు. మందు పేరు రాసుకెళ్లి, కింద సంతకం పెట్టమన్నారు. అప్పుడు ఎదుటి మనిషికి రెండే దార్లు ఉంటాయి, పెట్టడం, పెట్టకపోవడం. పెట్టనివాడు బాబు కాలు విరిగినా పట్టనివాడైపోతాడు. మీతో పద్దెనిమిదేళ్లు మంచిగా ఉన్న మనిషిని మీ కాగితం ఆ మూలకు నెట్టింది. సమావేశంలో ఆయన ఏమన్నారో మళ్లీ చదవండి. బండ్లు వేగంగా పోనివ్వండి అనలేదు. తన భార్యకు చోటేది అని అడిగారు. ఆయన ప్రశ్న మీకు ఎదురు మాటగా వినిపించింది కానీ, నాకు అది అభిప్రాయ సేకరణలో మీకు అందిన మొట్టమొదటి అసలైన జవాబులా ఉంది.

ఆ 41 సంతకాల మీద కూడా మరీ బరువు వేయకండి. పక్కింటావిడ వచ్చి గుమ్మంలో నిలబడి పెన్ను చేతికిస్తే మొహమాటానికి పెట్టేవాళ్లు ఎంతమంది ఉంటారో మీకు తెలియనిది కాదు. మిగిలిన 23 ఇళ్లలో వద్దన్నవాళ్లెందరు, ఆ వేళకు ఇంట్లో లేనివాళ్లెందరు, ‘మేం అద్దెకున్నవాళ్లం, మాకెందుకండీ’ అన్నవాళ్లెందరు? ఆ లెక్క మీరు రాయలేదు. బహుశా తీసుకుని ఉండరు. అద్దెకున్నవాళ్ల పిల్లలూ అదే రోడ్డు దాటుతారు కదా.

ఇక ఓటింగ్. మీకు ఇది సులువైన దారిగా కనిపిస్తోంది, ఎందుకంటే 64 ఇళ్లలో 41 మీవైపు ఉన్నాయి. పెడితే గెలుస్తారు కూడా. ఆ మర్నాడు ఎలా ఉంటుందో ఊహించండి. మీ వీధి 400 మీటర్లు. దిమ్మెలు పనిచేయాలంటే దగ్గర దగ్గరగా, 60 నుంచి 100 మీటర్లకొకటి ఉండాలి. లేకపోతే మధ్యలో మళ్లీ యాక్సిలరేటర్ తొక్కుతారు, బ్రేకు చప్పుడు, ఇంజిన్ రొద రెండూ మిగులుతాయి. నాలుగు వేశారనుకుందాం. అన్నయ్యగారి ఇల్లు వీధి మధ్యలో ఉంటే ఆస్పత్రికి వెళ్లేటప్పుడు రెండు, వచ్చేటప్పుడు రెండు. వారానికి మూడు ప్రయాణాలకు పన్నెండు. ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి లెక్కేస్తే వదినగారి వెన్నుకు వారానికి ఇరవై నాలుగు కుదుపులు. 41 మంది చేతులెత్తినంత మాత్రాన ఆ ఇరవై నాలుగులో ఒక్కటి తగ్గదు. లాభం అందరికీ తలా కొంచెం పంచుతూ, నష్టం మాత్రం ఒకరిద్దరి ఒంటి మీద పడే విషయాల్లో చేతులు లెక్కపెట్టడం న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతాను. పైగా అందరికన్నా ఎక్కువ ప్రమాదంలో ఉన్న పిల్లలకు అసలు ఓటే లేదు. వెనక వీధివాళ్లకూ లేదు. అయినా అర్జీ ముందుకు కదలాలంటే ఇంత శాతం ఇళ్లు ఒప్పుకోవాలని చాలా నగరాలు షరతు పెడతాయి, కాబట్టి చివర్లో ఎప్పుడో ఓటింగ్ అవసరం పడొచ్చు. దాన్ని చివరికే ఉంచండి.

తప్పుకోవడం అనే రెండో దారి చూద్దాం. మీరు తప్పుకుంటే పని ఆగిపోతుంది, లేదా ఆ కుర్రాళ్ల చేతుల్లోకి వెళ్తుంది. వెళ్తే ఏమవుతుందో ఒక రాత్రి చూశారు. ఇంజినీరుగారే వచ్చి అడగాలని వదిలేయొచ్చు, కొన్నిచోట్ల అది బాగానే జరుగుతుంది. కానీ ఏ గుమ్మంలో ఎవరు మంచాన ఉన్నారో బయటి మనిషికి తెలిసే దారి లేదు. నా సలహా వీటి మధ్యలో ఉంది. మీరు రెండు టోపీలు పెట్టుకున్నారు. స్పీడ్ బ్రేకర్లు కావాలని అడిగేదీ మీరే, అందరి అభిప్రాయం రాసుకునేదీ మీరే. ఎంత నిజాయితీగా చేసినా ఎదుటివాళ్లకు నమ్మకం కుదరదు. కార్యదర్శిగా ఉండండి, మీ అభిప్రాయం మీరు గట్టిగా చెప్పండి. అడగడం, రాయడం, లెక్కపెట్టడం మాత్రం ఇంకో ముగ్గురికి అప్పగించండి. మీ వీధి నుంచి సంతకం పెట్టినవాళ్లు ఒకరు, పెట్టనివాళ్లు ఒకరు, మూడోవారు వెనక వీధి మనిషి. ఆ మూడో కుర్చీ తప్పకుండా వేయండి.

ఎందుకంటే వెనక వీధివాళ్ల భయం నిజమైనదే. ఒక వీధిలో అడ్డు పెడితే అడ్డదారి వెతుక్కునేవాడు ఇంటికి వెళ్లి కూర్చోడు, పక్క సందులో దూరతాడు. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ నగరం ఇలాంటి చిక్కునే చాలా పెద్ద ఎత్తున చూసింది. రద్దీ తగ్గించడానికి నగరం లోపలికి వచ్చే వాహనాలకు రుసుము పెట్టాలనుకున్నప్పుడు చాలామంది ససేమిరా అన్నారు. 2006 జనవరి నుంచి జులై దాకా ప్రయోగంగా అమలు చేశారు, తర్వాత సెప్టెంబరులో ఓటు అడిగారు. ఏడు నెలలు కళ్లారా చూసిన నగరవాసుల్లో ఎక్కువమంది ఉండాలన్నారు. కానీ చుట్టుపక్కల పురపాలికల్లో కొన్ని సొంతంగా ఓటింగ్ పెట్టుకుంటే అక్కడ ఎక్కువమంది వద్దన్నారు. మీకు అందులో రెండు పాఠాలు దొరుకుతాయి. చూడకముందు వద్దన్నవాళ్లు చూశాక మారొచ్చు. గీత అవతల ఉన్నవాళ్లు మాత్రం అంత సులువుగా మారరు, వాళ్ల లెక్క వేరే. అందుకే ఇకమీదట ‘మా వీధి’ అనడం మానేసి రెండు వీధులనూ ఒకటిగా చూడండి.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. మనుషులను అడిగే ముందు రోడ్డును అడగండి. మీ గేటు ముందు నుంచి 50 మీటర్లు టేపుతో కొలిచి, రెండు చివర్లా సుద్దతో గీత గీయండి. ఒక గీత దాటగానే ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి, రెండో గీత దాటగానే ఆపండి. ఆ 50 మీటర్లకు 6 సెకన్లు పడితే బండి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నట్టు, 3.6 సెకన్లు పడితే 50తో వెళ్తున్నట్టు. ఒక పక్కన బడివేళ గంట, మధ్యాహ్నం గంట, సాయంత్రం గంట, రాత్రి గంట కూర్చుని నోట్‌బుక్‌లో రాయండి. బైకులు, కార్లు, పెద్ద బండ్లు విడివిడిగా రాయాలి. అన్నయ్యగారు ఒప్పుకుంటే ఆయన్నే ఒక పూట కూర్చోబెట్టండి. తాను లెక్కపెట్టిన అంకెను ఎవరూ కాదనరు. రోడ్డు ఇంజినీర్లు ఈ లెక్కలో సగటు కన్నా ఇంకోదాన్ని ఎక్కువగా చూస్తారు. నూటికి 85 బండ్లు ఏ వేగానికి లోబడి వెళ్తున్నాయో అది. మిగిలిన పదిహేను బండ్లే మీ నిద్ర పాడుచేస్తున్నాయా, లేక అందరూ వేగంగానే వెళ్తున్నారా అన్నది దాంతో తేలుతుంది, వాటికి మందులు కూడా వేరు.

ఇంకో లెక్క కూడా తీయండి. వీధి రెండు చివర్లా ఇద్దరు కూర్చుని బండి నంబరులో చివరి నాలుగంకెలు, టైము రాసుకోండి. ఒకటి రెండు నిమిషాల్లో రెండో చివర కనిపించిన బండి ఊరికే దాటిపోయేది, కనిపించనిది మీ వీధిదే లేదా మీ వీధికి పనిమీద వచ్చింది. లెక్క అయిపోగానే ఆ నంబర్లు చించేయండి, ఎవరి ఇంటి బండి అని వేలెత్తి చూపడానికి కాదు ఇది. ఇలా చూసుకున్న చాలా వీధుల్లో జనం కాస్త నొచ్చుకునే సంగతి ఒకటి బయటపడుతుంది. గట్టిగా తోలేవాళ్లలో కొందరు ఆ వీధివాళ్లే ఉంటారు.

వేగం గురించి వీధిలో మాట్లాడేటప్పుడు ఈ లెక్క ఒక్కటి చెప్పండి, చాలు. బాబు హఠాత్తుగా రోడ్డు మీదికి వచ్చాడనుకుందాం. నడిపే మనిషికి చూసి బ్రేకు తొక్కడానికి ఒక సెకను పడుతుంది. గంటకు 30 కిలోమీటర్లతో వస్తున్న కారు ఆ సెకనులో 8 మీటర్లు వచ్చేసి, పొడి రోడ్డు మీద ఇంకో 5 మీటర్లలో ఆగుతుంది. మొత్తం 13. అదే 50తో వస్తుంటే ఆ ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు వచ్చేస్తుంది. అంటే మొదటి కారు ఆగిపోయిన చోట రెండో కారుకు ఇంకా బ్రేకు కూడా పడలేదు, అది అదే 50తో బాబును చేరుతుంది. ‘ఇరవై కిలోమీటర్లే కదా తేడా’ అనేవాళ్లకు ఆ 13 మీటర్లను రోడ్డు మీద సుద్దతో గీసి చూపించండి.

అంకెలు చేతికొచ్చాక మనుషుల దగ్గరికి వెళ్లండి. ఈసారి కాగితం మీద ఒకే ఒక్క ప్రశ్న ఉండాలి: మీకు ఈ రోడ్డు మీద ఎక్కడ, ఎప్పుడు, దేనికి భయమేస్తుంది? లేదా దేనికి ఇబ్బంది? మందు పేరు ఎక్కడా రాకూడదు. వీధి పటం ఒకటి పెద్దగా గీసి తీసుకెళ్లండి, చోటు చూపించి చుక్క పెట్టమనండి. పిల్లలను విడిగా అడగండి, బడికి వెళ్లే దారి గీయమంటే పెద్దవాళ్లు ఎన్నడూ గమనించని మూల ఒకటి చూపిస్తారు. చేతికర్రతో నడిచేవాళ్లు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు, చూపులేనివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లతో కలిసి ఒకసారి వీధి చివరిదాకా నడవండి. ఇంట్లో కూర్చుని విన్నదానికీ, పక్కన నడుస్తూ విన్నదానికీ చాలా తేడా ఉంటుంది. రోజూ చెత్త తీసుకెళ్లే బండివాళ్లను, ఇళ్లల్లో పనికి వచ్చేవాళ్లను, పార్సిళ్లు ఇచ్చే కుర్రాళ్లను అడగండి. అంబులెన్సు, ఫైరింజన్ వాళ్లను అడగడం మరీ ముఖ్యం. ఒక్కో దిమ్మె దగ్గర వాళ్లకు కొన్ని సెకన్లు పోతాయి, వరసగా నాలుగైదు ఉంటే అన్నీ కలుస్తాయి.

మళ్లీ పెద్ద సమావేశం ఇప్పట్లో వద్దు. సమావేశంలో గొంతున్నవాళ్లు మాట్లాడతారు. లేనివాళ్లు ఏడ్చుకుంటూ వెళ్లిపోతారు, మీరే చూశారు. బాబు వాళ్లమ్మను ఇంకెప్పుడూ పదిమంది ముందు లేపి మాట్లాడించకండి. ఆమె కావాలని అడిగితే తప్ప.

అభిప్రాయాలు వచ్చాకే మందుల మాట. ఇక్కడ మీ వీధికి ఒక చిక్కుంది, ఎవరూ గమనించినట్టు లేదు. బాబును కొట్టింది బైకు. అన్నయ్యగారిని ఒప్పించడానికి మీకు ఎవరైనా చిన్న చిన్న చదరపు దిమ్మెలు సూచించొచ్చు. రోడ్డు మొత్తం అడ్డంగా కాకుండా మధ్యలో ఖాళీలతో వేస్తారు, అంబులెన్సు లాంటి వెడల్పు బండి చక్రాలు వాటికి రెండు పక్కలా వెళ్లిపోతాయి. మంచి ఏర్పాటే. కానీ బైకు ఆ ఖాళీలోంచి దర్జాగా దూసుకెళ్తుంది. రోడ్డును అక్కడక్కడ ఇరుకు చేయడం, బండ్లు నిలిపే చోటును ఒకసారి ఎడమకు ఒకసారి కుడికి మార్చి దారి వంకరగా చేయడం కూడా కారును తగ్గించినంతగా బైకును తగ్గించవు. మలుపు దగ్గర మూలను ముందుకు తెచ్చి, తిరిగే బండి బాగా నెమ్మదించి తిరగక తప్పకుండా చేస్తే రెండింటికీ కొంత పనిచేస్తుంది, వెన్నుకు కుదుపూ ఉండదు. బడిపిల్లలు దాటే చోట రోడ్డునే కాలిబాట ఎత్తుకు లేపి, పైన చదునుగా, రెండు పక్కలా ఏటవాలుగా కట్టొచ్చు. అది బైకును కూడా ఆపుతుంది. నాలుగు దిమ్మెల బదులు ఇలాంటిది ఒక్కటి, ఏటవాలు బాగా సాగదీసి కడితే వదినగారు భరించగలరేమో. ఆమెనే అడగాలి.

లెక్కలో ఎక్కువ బండ్లు ఊరికే దాటిపోయేవని తేలితే అప్పుడు వేగం కన్నా అడ్డదారి అసలు జబ్బు. వీధి మధ్యలో నడిచేవాళ్లకు తప్ప బండ్లకు దారి లేకుండా మూసేస్తే ఆ జబ్బు కుదురుతుంది, ఒక్క కుదుపు కూడా ఉండదు. దానికి మూల్యం ఉంది. సగం వీధివాళ్లు రోజూ చుట్టూ తిరిగి రావాలి, అంబులెన్సుకు ఏ వైపు నుంచి రావాలో ముందే తెలియాలి, వెనక వీధిలోనూ అలాంటిదే ఏదో చేయకపోతే వాళ్ల భయం నిజమవుతుంది. అన్నయ్యగారికి నాలుగు నిమిషాలు చుట్టు తిరగడం మేలా, నాలుగు దిమ్మెలు దాటడం మేలా? ఆయన జవాబు మనం ఊహించి చెప్పకూడదు.

ఇవన్నీ చేస్తే వీధికి ఏం ఒరుగుతుంది అనేవాళ్లు ఉంటారు. డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే పరిశోధకుడు 1969 ప్రాంతంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో పక్కపక్కనే ఉన్న మూడు వీధులను పోల్చి చూశారు. ఒకదాంట్లో రోజుకు దాదాపు 2,000 వాహనాలు, ఇంకోదాంట్లో 8,000, మూడోదాంట్లో 16,000. వాహనాలు తక్కువున్న వీధిలో ఒక్కొక్కరికీ అదే వీధిలో సగటున ముగ్గురు స్నేహితులున్నారు, ఎక్కువున్న వీధిలో ఒక్కరి కన్నా తక్కువ. మీ వీధిలో పద్దెనిమిదేళ్ల స్నేహాలు ఉన్నాయి. ఇన్నాళ్లూ అది కొంత నెమ్మదైన వీధి కాబట్టే అలాంటివి పుట్టి ఉంటాయని నాకనిపిస్తోంది.

ఏ ఏర్పాటు మీదికి మొగ్గినా వెంటనే సిమెంటు పోయించకండి. ముందు తీసేయగలిగే వస్తువులతో పెట్టి చూడమని ఇంజినీరును అడగండి. బిగించి విప్పేసే రబ్బరు దిమ్మెలు ఉంటాయి, కోన్లు, పెద్ద మొక్కల తొట్లు, రంగు గీతలతో మలుపులు ఇరుకు చేయొచ్చు. ఆర్నెల్లు పెట్టి చూడొచ్చు. కానీ మొదలుపెట్టే రోజునే రాసి అందరికీ పంచవలసినవి కొన్ని ఉన్నాయి. ఎప్పటిదాకా ఉంచుతారు, ఏ లెక్క ఎంత మారితే పనిచేసినట్టు, వెనక వీధిలో బండ్లు ఎంత పెరిగితే వెనక్కి తీసుకుంటారు, తీసేయాలని అడగాలంటే ఎవరికి చెప్పాలి. ఇవి రాయకుండా ‘ప్రయోగం’ అంటే జనం నమ్మరు, నమ్మకపోవడంలో తప్పూ లేదు. మొదటి రెండు మూడు వారాల గొడవను చూసి బెంబేలెత్తకండి, తోలేవాళ్లు అలవాటు మార్చుకోవడానికి కొంత సమయం పడుతుంది. అదే సుద్ద గీతల దగ్గర, అవే వేళల్లో, మళ్లీ కొలవండి.

ఒక సంగతి నా అనుభవంలోంచి చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం మేమున్న చోట రోడ్డు మార్పుల మీద మా అభిప్రాయం అడుగుతూ ఇంటింటికీ ఫారాలు పంచారు. మా నాన్నగారు అప్పటికే చూపు తగ్గిన మనిషి, భూతద్దం పెట్టుకుని ఒక సాయంత్రమంతా కూర్చుని నింపారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ చెప్పలేదు. కొన్నాళ్లకు పని మొదలైంది, ఆయన రాసిన దాంట్లో ఒక్కటీ లేదు. ఎందుకు లేదో చెప్పినా ఆయన సర్దుకునేవారు. అది చెప్పేవాళ్లు కూడా లేకపోయారు. తర్వాత ఏ ఫారం వచ్చినా పక్కన పడేసేవారు. మీరు అలా చేయకండి. వచ్చిన ప్రతి మాటనూ పేర్లు లేకుండా ఒక కాగితం మీద రాసి, దాని పక్కన ‘ఇది చేశాం’, ‘ఇది చేయలేకపోయాం, ఎందుకంటే’ అని పూర్తిచేసి, ప్రతి గేటుకూ అందించండి. అలాగే ముందే తేలిపోయిన విషయాలు ఏవైనా ఉంటే అడగడానికి ముందే చెప్పేయండి. అంబులెన్సు దారి మూయడానికి వీల్లేదని ఇంజినీరు చెప్పేశారనుకోండి, మూయమంటారా వద్దా అని మీరు జనాన్ని అడగడం వాళ్లను మోసం చేయడమే.

చివరిగా అన్నయ్యగారి ఇల్లు. ఇది పని జాబితాలో ఆఖరున రాశాను కానీ చేయడం మాత్రం రేపే చేయండి. చేతిలో కాగితం వద్దు, సంఘం వాళ్లెవరినీ వెంటబెట్టుకోవద్దు. ‘ఆ రోజు మీరడిగిన దానికి నాకు జవాబు తెలియలేదన్నయ్యా, కాగితం రాసేటప్పుడు నాకు వదిన గుర్తు రాలేదు, అది నా పొరపాటు’ అనండి. బాబు సంగతి అప్పుడు ఎత్తవద్దు, ఎత్తితే అది మళ్లీ త్రాసులో రాయి వేసినట్టవుతుంది. ఆయన ఆ రోజే కరగకపోవచ్చు. గుమ్మంలోంచే పంపేసినా బాధపడకుండా వచ్చేయండి, రెండు వారాల తర్వాత పటం పట్టుకుని ఆ ముగ్గురిలో ఒకరు మళ్లీ వెళ్తారు కదా. ఆ పటం ముందు వదినగారికి చూపించమనండి. వారానికి మూడుసార్లు వెనక సీట్లో ఒరిగి కూర్చుని వెళ్లి వచ్చే మనిషి ఆమె. ఏ ఇంటి ముందు గుంత ఉందో, ఏ మలుపులో బైకులు ఎదురొచ్చి డ్రైవరు సడన్ బ్రేకు వేస్తాడో, మ్యాన్‌హోల్ మూత రోడ్డు కన్నా ఎక్కడ పైకి ఉందో ఆమెకు ఒళ్లంతా తెలుసు. పెన్సిలు ఆమె చేతికివ్వండి.